మంచు కింద బాయి

గురువారం, ఫిబ్రవరి 13

మా గోదావరిఖనిలో నీళ్ళ బావినీ బాయి అనే అంటారు, బొగ్గు గనినీ బాయి అనే అంటారు. "మీ బాపు ఏ బాయి?" అని ఎవరైనా అడిగితే ఏ గనిలో పనిచేస్తాడని అర్థం. మిన్నెసోటా ఉత్తరాన క్రాస్బీ అనే చిన్న ఊరికి కారులో పోతున్నంతసేపూ ఈ మాటే నన్ను వదల్లేదు. మేం వెళ్తున్న చోటు రెండు అర్థాల్లోనూ బాయే. ఒకప్పుడు ఇనుప రాయి తవ్వి తీసిన పెద్ద గొయ్యి. పంపులు ఆపేశాక భూమిలోంచి ఊరిన నీళ్ళతో నిండింది. ఇప్పుడు ఆ నీళ్ళ మీద అడుగుకు పైగా మందాన గడ్డకట్టింది. దానికి కన్నం కోసి లోపలికి దిగాలి. రెండేళ్ళుగా అనుకుంటున్న పని.

తోడు వచ్చినవాడు అన్న. మా బంధువు కాదు, జగిత్యాల నుంచి వచ్చి మినియాపొలిస్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాడు. నేను ఈ దేశంలో దిగిన మొదటి చలికాలంలో కారు స్టార్టు కాక రోడ్డు మీద నిలబడితే తీసుకెళ్ళి అన్నం పెట్టిన కుటుంబం వాళ్ళది. నీళ్ళంటే ఆయనకు ఇష్టం లేదు, ఈత రాదు. కానీ మంచు కింద ఈదేవాడికి పైన తాడు పట్టే మనిషి ఉండాలని, ఆ మనిషి కూడా నేర్చుకునే పాఠం వేరే ఉందని చెప్పగానే, "అయితే ఆ తాడు నేనే పడతా" అన్నాడు. వదిన సకినాలు, సర్వపిండి, పెద్ద ఫ్లాస్కు నిండా మిర్యాల చారు కట్టి పంపింది.

169వ నంబరు రోడ్డు మిల్ ల్యాక్స్ సరస్సు పక్కగా పోతుంది. ఆ సరస్సు మీద చలికాలం ఒక ఊరే వెలుస్తుంది. గడ్డకట్టిన నీళ్ళ మీద చెక్క గుడిసెలు, వాటి మధ్య దారులు, దారుల్లో ట్రక్కులు. లోపల మనుషులు కన్నం ముందు కూర్చుని వాలై చేపల కోసం గాలం వేసుకుని ఉంటారు. చీకటి పడుతుంటే గుడిసెల్లో దీపాలు వెలిగాయి. అన్న కారు ఆపి చాలాసేపు చూశాడు. రాత్రి క్రాస్బీలో బస.

శుక్రవారం, ఫిబ్రవరి 14

పొద్దున మైనస్ 20 డిగ్రీలు. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి అని ఇక్కడ కొలత చెప్పుకుంటారు, అది నిజం.

మాకు నేర్పే ఆవిడకు అరవై దాటాయి. ఈ చుట్టుపక్కలే పుట్టి పెరిగింది. వాళ్ళ తాత ఫిన్లాండు నుంచి వచ్చి ఇక్కడి గనుల్లో పనిచేశాడట. మా బాపు బొగ్గు బాయిలో పనిచేశాడని చెబితే ఒక్క క్షణం నా చేతులకేసి చూసింది, తర్వాత గట్టిగా పట్టుకుంది. ఆ పరిచయం చాలు, మిగిలిన రోజంతా నన్ను ఇంకొంచెం కఠినంగా చూసింది.

ఈ ప్రాంతం పేరు కయూనా. ఆ పేరుకు ఒక కథ ఉంది. కయ్లర్ ఆడమ్స్ అనే ఆయన ఇక్కడి అడవుల్లో తిరుగుతుంటే దిక్సూచి ముల్లు ఉండాల్సిన చోట ఉండకుండా పక్కకు లాగేదట. నేల కింద ఇనుముందని అలా పట్టుకున్నాడు. ఆయన పేరులో మొదటి ముక్క, ఆయన వెంట తిరిగిన ఊనా అనే కుక్క పేరు కలిపితే కయూనా. 1911 నుంచి ఇక్కడి రాయి బయటికి పోవడం మొదలైంది. ఇనుముతో పాటు మాంగనీసు ఎక్కువగా ఉండే రాయి కావడంతో మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఉక్కు తయారీకి దీనికి గిరాకీ పెరిగింది. 1984తో తవ్వకం పూర్తిగా ముగిసింది. 1993లో ఈ గోతులను, చుట్టూ ఉన్న మట్టిదిబ్బలను కలిపి రాష్ట్రం విహార స్థలంగా ప్రకటించింది. దిబ్బల మీద ఇప్పుడు బిర్చి చెట్లు. వేసవిలో ఎర్రమట్టి దారుల్లో సైకిళ్ళు తిరుగుతాయి. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టల నీడలో పెరిగినదాన్ని నేను. మా గుట్టలు కూడా ఒకనాటికి ఇలా అవుతాయా అని ఆ చెట్లను చూసినప్పుడల్లా అనుకుంటాను.

గడ్డ మీదికి నేరుగా నడిచి వెళ్ళిపోరు. ఆవిడ ముందు, చేతిలో పొడవాటి గునపం. నాలుగు అడుగులకోసారి గునపంతో పొడిచి, ఆ చప్పుడు విని, తర్వాత అడుగు. మనిషి నడవడానికి కనీసం నాలుగు అంగుళాల గట్టి గడ్డ ఉండాలని మిన్నెసోటా ప్రభుత్వం చెబుతుంది. ఆ లెక్క తేటగా, నీలంగా ఉండే గడ్డకే. పొడిమంచు తడిసి గడ్డకట్టిన తెల్ల పలకకు అంత బలం ఉండదు. బరమాతో రంధ్రం వేసి చూస్తే పదిహేను అంగుళాలు వచ్చింది, ఎక్కువ భాగం నీలం. అప్పుడు సామాను దింపాం.

కన్నం మూడు మూలలుగా కోస్తారు, పక్క ఆరు అడుగులు. గుండ్రంగా ఎందుకు కోయరని అన్న అడిగాడు. మూలలో రెండు అంచుల మీదా చేతులు ఆనించి పైకి లేవచ్చు, గుండ్రటి అంచు మీద పట్టు దొరకదు అంది ఆవిడ. మూల దగ్గర ఒకరు, ఇంకో మూల దగ్గర ఇంకొకరు, ఒకరికొకరు అడ్డు రాకుండా ఉంటారు కూడా. రంపం గొలుసుకు మామూలుగా పోసే ఆయిలు కాకుండా వంట నూనె పోశారు, చుక్క నీళ్ళలో పడినా చేపలకు హాని లేకుండా. రంపం దిగుతుంటే తెల్లటి పొడి లేచి మీసాల మీద, కనురెప్పల మీద పేరుకుంది. అంత చిన్న ముక్కోణమే అయినా ఆ గడ్డ బరువు లెక్కేస్తే అర టన్ను. దాన్ని మూడుగా చీల్చి, ఇనుప కొక్కేలతో నలుగురం లాగి బయట పడేసేసరికి ఒళ్ళంతా చెమట. ఆ చలిలో చెమట పట్టకూడదు, తడి బట్టతో నిలబడితే నిమిషాల్లో వణుకు పుడుతుంది. డేరాలోకి పోయి బనీను మార్చుకున్నాం.

కన్నంలో నీళ్ళు నల్లగా ఉన్నాయి, కదలడం లేదు. అన్న వంగి చూసి, "పాత బాయి లెక్కనే ఉంది గదరా" అని మెల్లగా అన్నాడు.

తర్వాత పని నాకు బాగా నచ్చింది. పారలు తీసుకుని కన్నం నుంచి నలువైపులకూ పొడిమంచు తీసి దారులు చేశాం, బండి చక్రానికి ఆకుల్లాగా. ప్రతి దారి మీదా కన్నం వైపు చూపే బాణం గుర్తులు. పైన చూస్తే ఏదో పిల్లల ఆటలా ఉంటుంది. కింద నుంచి చూసేవాడికి మాత్రం మంచు తీసిన చోట వెలుతురు దిగుతుంది, ఆ గీతల వెంట పోతే కన్నం దొరుకుతుంది.

మధ్యాహ్నమంతా తాడు పాఠం. లోపలికి దిగేవాడి ఛాతీకి పట్టీలు, వాటికి తాళం ఉన్న కొక్కెం, కొక్కేనికి తాడు, తాడు రెండో కొస గడ్డలోకి బిగించిన మరలకు. మధ్యలో తాడు పట్టే మనిషి. మాటలు లేవు, గుంజుడే భాష. లోపలి నుంచి ఒకసారి గుంజితే బాగున్నా. రెండుసార్లయితే తాడు వదులు. మూడయితే వస్తున్నా, లాగు. నాలుగూ అంతకు మించీ అయితే ఆపద, ఉన్న బలమంతా పెట్టి లాగెయ్. పైనుంచి ఒకటి గుంజితే బాగున్నావా అని అడిగినట్టు, దానికి లోపలివాడు జవాబు ఇచ్చి తీరాలి. ఒక్కో బృందానికి ఒక్కో లెక్క ఉంటుంది కాబట్టి దిగే ముందు ప్రతిసారీ నోటితో చెప్పించుకుంటారు. పొడి నేల మీద నేను కళ్ళు మూసుకుని చెట్ల మధ్య నడుస్తుంటే అన్న తాడు పట్టుకుని సాయంత్రం దాకా సాధన చేశాడు. తాడు మరీ బిగిస్తే లోపలి మనిషి ఈదలేదు, మరీ వదిలితే గుంజింది చేతికి తెలియదు. చేపలు పట్టేవాడికి గాలం తెలిసినట్టు తెలియాలి. ఆయన చేతి తొడుగులు రెండు జతలు మార్చి చివరికి పలచటివి ఎంచుకున్నాడు, వేళ్ళకు కబురు అందాలని.

మా బాపు చెప్పిన గంటలు గుర్తొచ్చాయి. గనిలోకి దిగే నిలువు దారి షాఫ్టులో మనుషుల్ని, సామాన్ని మోసే కేజ్‌ను దింపడానికి, ఎత్తడానికి గంటల లెక్క ఉంటుంది. మూడు గంటలు కొడితే ఎక్కేది సామాను కాదు, మనుషులు అని. చిన్నప్పుడు నేను, తమ్ముడు గిన్నె మీద గరిటెతో మూడుసార్లు కొట్టి మంచం మీంచి దూకేవాళ్ళం.

శనివారం, ఫిబ్రవరి 15

రాత్రి కన్నం మీద రెండు అంగుళాల కొత్త పలక పట్టింది. గునపంతో పగలగొట్టి, జల్లెడ గరిటెతో ముక్కలు తోడేశాం.

నీళ్ళలో దిగేవాడికి మంచు కింద మొదటి శత్రువు తన ఊపిరి పరికరమే, రెగ్యులేటరు. సిలిండరులో గాలి బిగించి ఉంటుంది. నోటికి వచ్చేలోపు అది ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, వ్యాకోచించే గాలి చల్లబడుతుంది. నీళ్ళే సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు ఆ చల్లదనానికి రెగ్యులేటరు లోపల మంచు పట్టి కవాటం తెరుచుకునే ఉండిపోతుంది. గాలి ఆగకుండా బుసకొట్టి సిలిండరు నిమిషాల్లో ఖాళీ అవుతుంది. అందుకే లోపలికి నీళ్ళు చేరని రకం రెగ్యులేటర్లు రెండు, వేరువేరు కవాటాలకు బిగించుకుంటాం. నీళ్ళ పైన ఉండగా దాంట్లోంచి ఊపిరి పీల్చకూడదు, ఊపిరిలోని తడి మైనస్ 20లో వెంటనే గడ్డకడుతుంది. తల నీళ్ళలో మునిగాకే మొదటి ఊపిరి. గాలిలో మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టుకోకూడనిది.

దిగేది మేమిద్దరం, నేనూ ఆవిడా. మా కోసం కన్నం పక్కన ఇంకొకాయన పూర్తిగా సిద్ధమై, సిలిండరు తగిలించుకుని కూర్చున్నాడు. మేం పైకి వచ్చేదాకా ఆయన పని అదే, కూర్చుని ఉండటం. ఆయన తాడు మా తాడుకు దాదాపు రెండింతల పొడవు. ఎందుకో మర్నాడు తెలిసింది.

అంచు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాను. పొడి సూటు కాబట్టి తడి తగలదు, ఒత్తిడి మాత్రం కాళ్ళను పిసికినట్టు తెలుస్తుంది. అన్న నా కొక్కెం మూడోసారి చూశాడు. "ఒకటి?" అన్నాడు. "బాగున్నా." "నాలుగు?" "గుంజెయ్." ఆయన పెదాలు కదిలాయి, ఏ దేవుణ్ణి తలచుకున్నాడో అడగలేదు.

తల మునిగింది. పెదాల చుట్టూ తెరిచి ఉన్న కొంచెం చర్మం మీద మంట. ఇరవై లెక్కపెట్టేలోపు అక్కడ స్పర్శ పోయింది, మంటా పోయింది.

నల్లగా కనిపించిన నీళ్ళు లోపల నల్లగా లేవు. పచ్చ కలిసిన నీలం, అద్దమంత తేట. గని గోతుల్లో ఒండ్రు మోసుకొచ్చే వాగు లేదు, పాచికి తిండి తక్కువ. అందులోనూ చలికాలం గాలి అలలు రేపదు. తలెత్తి చూశాను. గడ్డ అడుగు భాగం చదునుగా లేదు, ఎవరో అరచేత్తో అలికినట్టు చిన్న చిన్న పల్లాలు. మధ్యలో కన్నం, పొయ్యి మూతి తెరిచినట్టు తెల్లటి వెలుగు. దాని నుంచి నలువైపులా వెలుతురు గీతలు, మేం నిన్న పారతో తీసినవే. నా ఊపిరి బుడగలు పైకి పోయి గడ్డకు తగిలి పాదరసంలా పరుచుకుని, ఒకదాన్ని ఒకటి వెతుక్కుంటూ కలిసిపోతున్నాయి.

తాడు ఒకసారి కదిలింది. బాగున్నావా. ఒకసారి గుంజాను.

గోడ వెంట కిందికి. గని గోతి గోడ కాబట్టి ఏటవాలు ఒడ్డు లాంటిది ఏదీ లేదు, మెట్టు మీద మెట్టుగా నిట్టనిలువు. ట్రక్కులు తిరిగిన మెట్లే అవి. ఎర్రటి రాయి, దీపం పడితే తుప్పు రంగులో మెరుస్తుంది. నా చేతి కంప్యూటరులో పైన ఒక డిగ్రీ ఉన్న వేడి, కిందికి పోయేకొద్దీ రెండు, మూడు, నాలుగు అయింది. వేసవిలో చెరువు లోతుకు పోతే చలి పెరుగుతుంది, గడ్డ కింద తగ్గుతుంది. నాలుగు డిగ్రీల దగ్గర నీరు అన్నిటికంటే బరువు, అది అడుగుకు చేరుతుంది. అంతకంటే చల్లబడిన నీరు తేలికై పైకి వచ్చి గడ్డకడుతుంది. చేపలు చలికాలం బతికి ఉండేది ఆ ఒక్క గుణం వల్లే. ఎనిమిదో తరగతిలో మా సైన్సు సారు బోర్డు మీద చెరువు బొమ్మ గీసి చెప్పిన పాఠం, ఇన్నేళ్ళకు ఒంటికి తెలిసింది.

ముప్ఫై అడుగుల దగ్గర ఒక మెట్టు మీద చెట్లు. ఎండిన బిర్చి చెట్లు, నిలబడే ఉన్నాయి. పంపులు ఆగాక నీళ్ళు ఒక్క రోజులో నిండలేదు. ఏళ్ళు పట్టింది. ఆ మధ్యలో మెట్ల మీద మొక్కలు మొలిచి చెట్లయ్యాయి, తర్వాత నీళ్ళు మెల్లగా వాటి మొదళ్ళు, కొమ్మలు దాటి పైకి పోయాయి. కొమ్మలు ఇంకా చేతులు చాచే ఉన్నాయి. ఒక కొమ్మ కింద రెయిన్‌బో ట్రౌట్ చేప ఒకటి మొప్పలు మాత్రం కదుపుతూ నిలబడి ఉంది. ఈ గోతుల్లోకి ఆ చేపల్ని తెచ్చి వదులుతారు. అది నన్ను చూసింది, కదలలేదు.

అప్పుడు గడ్డ మోగింది. వేడి మారినప్పుడు గడ్డ సాగుతుంది, బిగుస్తుంది, ఆ చప్పుడు. పైన వింటే చప్పుడే, నీళ్ళలో అది ఒంట్లోకి దిగుతుంది. మా ఇంట్లో మధ్యాహ్నాలు ఓపెన్‌కాస్టు బ్లాస్టింగుకు గూట్లో గిన్నెలు కదిలేవి, అచ్చం ఆ అదురు. భయపడాల్సిన చోట నాకు ఇంటి గూడు కనిపించింది.

పద్దెనిమిది నిమిషాలు. మూడు గుంజులు. తాడు బిగిసి నన్ను మెల్లగా వెలుతురు వైపు తీసుకుపోయింది.

రెండోసారి దిగినప్పుడు తప్పు చేశాను. కిందికి పోతుంటే సూటు నొక్కుతోందని దానిలోకి గాలి వదిలే మీట ఎక్కువసేపు నొక్కి పట్టుకున్నాను, ఆ క్షణంలోనే గట్టిగా ఊపిరి పీల్చాను. రెండూ ఒకేసారి చేయకూడదని పొద్దున విన్నదే. రెగ్యులేటరు బుసకొట్టింది, ముఖం ముందంతా బుడగలు, ఏమీ కనిపించలేదు. చేతులు వాటంతట అవే పని చేశాయని చెప్పలేను, ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మెడ కింద వేలాడే రెండోది నోట్లో పెట్టుకున్నాను. ఆవిడ నా భుజం పట్టుకుని మొదటి దాని కవాటం తిప్పి మూసేసింది. నేను మూడు గుంజులు గుంజాను. అంతా కలిపి అర నిమిషం ఉండదు. పైకి వచ్చాక అన్న ముఖం తెల్లగా ఉంది. మూడు గుంజులకు ముందే తాడు వేరేగా కదిలిందట, వణికినట్టు. "నాలుగోది వస్తదేమోనని కాలు తన్ని పెట్టి కూసున్న" అన్నాడు. ఆవిడ మాత్రం నన్ను తిట్టలేదు. గోరువెచ్చటి నీళ్ళు రెగ్యులేటరు మీద పోసి, ఎక్కడ మంచు పట్టిందో విప్పి చూపించి, అదే పాఠం మళ్ళీ మొదటి నుంచి చెప్పించింది.

రాత్రి బాపుకు ఫోన్ చేశాను. అక్కడ ఆదివారం పొద్దున. ఎంత లోతు, ఎంత చలి అని అడగలేదు. "తాడు పట్టెటోడు నీకు ఎరికైనోడేనా?" అని అడిగాడు. అన్నకు ఫోన్ ఇచ్చాను. ఇద్దరూ పది నిమిషాలు మాట్లాడుకున్నారు, నన్ను బయటికి పంపి.

ఆదివారం, ఫిబ్రవరి 16

పొద్దున చివరి పాఠం, తాడు తెగిపోతే ఏం చేయాలి. తాడు లేని మనిషి కన్నం కోసం వెతుక్కుంటూ తిరగకూడదు. నేరుగా పైకి, గడ్డ అడుగుకు చేరి, అక్కడే నిటారుగా ఆగాలి. ఊపిరి మెల్లగా, దీపం వెలిగించి, ఎదురుచూడాలి. కన్నం పక్కన కూర్చున్నాయన అప్పుడు దిగుతాడు. నేను చివరిసారి ఉన్న దిక్కు దాటి, తన పొడవాటి తాడంతా తీసుకుని, గడ్డ కిందే గుండ్రంగా ఈదుతాడు. ఆ తాడు గడియారం ముల్లులా నీళ్ళను ఊడ్చుకుంటూ వస్తుంది. వచ్చి నాకు తగులుతుంది, నేను పట్టుకుంటాను. అందుకే ఆయన తాడు రెండింతలు.

సాధనలో నాకు వేరే తాడు రక్షణగా ఉంటుంది, ప్రమాదం లేదు. ఆ సంగతి తెలిసే ఆగాను. అయినా అరచేతులు గడ్డకు ఆనించి, పాదాల కింద వందల అడుగుల చీకటితో ఉన్న ఆ రెండు నిమిషాలు చాలా పొడుగు. కదలకుండా ఉండటం కష్టం. ఈదితే ఏదో చేస్తున్నట్టు ఉంటుంది, ఆగితే ఇంకొకరి మీద ప్రాణం పెట్టి ఆగడమే. తాడు మోచేతికి తగిలినప్పుడు రెండు చేతులతోనూ పట్టుకున్నాను.

కన్నం మూసే పని గంట పట్టింది. కోసి తీసిన ముక్కలు తిరిగి పెట్టి, చుట్టూ కర్రలు పాతి, రంగు పట్టీ కట్టి, మధ్యలో ఫిర్ కొమ్మలు నిలబెట్టాం. రాత్రి ఎవరైనా నడిచి వచ్చినా, మంచు బండి మీద వచ్చినా కనబడాలి.

అక్కణ్ణుంచి ఆవిడ మమ్మల్ని మిల్ఫర్డ్ గని దగ్గరికి తీసుకెళ్ళింది. క్రాస్బీకి ఉత్తరాన, అడవిలో. 1924 ఫిబ్రవరి 5, మధ్యాహ్నం షిఫ్టు ముగిసే వేళ. పక్కనే ఉన్న ఫోలీ అనే మడుగు కింది దాకా గని సాగింది. మడుగు అడుగు తెగి బురద, నీళ్ళు లోపలికి పడ్డాయి. రెండు వందల అడుగుల షాఫ్టు ఇరవై నిమిషాలు కాకుండానే దాదాపు పైదాకా నిండిపోయింది. లోపల 48 మంది. నిచ్చెన ఎక్కి బయటపడింది ఏడుగురు. 41 మంది పోయారు. మిన్నెసోటా గనుల చరిత్రలో ఇంతకంటే పెద్ద ప్రమాదం లేదు. బతికిన ఏడుగురిలో ఒకడు ఇంకా మీసం రాని కుర్రాడు, వాడి తండ్రి లోపలే ఉండిపోయాడు. షాఫ్టు అడుగున పనిచేసే క్లింటన్ హారిస్ నిచ్చెన దగ్గరే ఉన్నాడు, అందరికంటే ముందు ఎక్కగలిగేవాడు. ఎక్కలేదు. మిగిలినవాళ్ళకు తెలియాలని హెచ్చరిక కూత వేసే తాడు లాగుతూ ఉండిపోయాడు. ఆయన పోయాక కూడా పైన ఆ కూత ఆగలేదు, గంటల తరబడి మోగుతూనే ఉంది. నీళ్ళు తోడి శవాలన్నీ తీయడానికి తొమ్మిది నెలలు పట్టింది. తర్వాత అదే గనిలో మళ్ళీ పని మొదలైంది.

ఇప్పుడు అక్కడ స్మారక ఉద్యానవనం. నీళ్ళ మీద చెక్క బాట, బాట వెంట ఆ గని మనుషుల పేర్లు. మంచులో మోకాలు దాకా దిగబడుతూ నడిచాం. పేర్ల మీది మంచును అన్న చేత్తో తుడుస్తూ పోయాడు. ఆ పేర్లు మా నోటికి తిరగలేదు. ఆవిడ ఒక్కొక్కటీ చదువుతుంటే మేం వెనక పలికాం.

2003 జూన్ 16న మా ఊళ్ళో 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు ముంచెత్తి 17 మంది పోయారు. నేను ఏడో తరగతి, బడి తెరిచి నాలుగు రోజులయి ఉంటుంది. బాపు ఆ గని కాదు. కానీ కబురు తెలియగానే చెప్పులు కూడా లేకుండా పోయాడు, తర్వాతి రోజు దాకా రాలేదు. వచ్చాక స్నానం చేసి పడుకున్నాడు. ఆ రోజు గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు, మేమూ అడగలేదు. ఆ చెక్క బాట మీద ఆవిడకు ఇది చెప్పాను. మాటలు వెతుక్కోవలసి వచ్చింది, ఇంగ్లీషులో ఎప్పుడూ చెప్పింది కాదు మరి. ఆవిడ విని, ఎంతమంది అని మళ్ళీ అడిగింది. పదిహేడు అని మళ్ళీ చెప్పాను.

ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. అన్న కారు దిగకుండానే తాడు చుట్ట నా చేతికిచ్చి వెళ్ళాడు, ఇంకా గడ్డకట్టి కర్రలా ఉంది.

బాపుకు ఫోన్ చేశాను. మిల్ఫర్డ్ సంగతి చెప్పాను, తాడు లాగుతూ ఉండిపోయినాయన సంగతి కూడా. అటువైపు చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నాను. తర్వాత, "ఆ దినం నేను పైననే నిలబడ్డ బిడ్డా" అన్నాడు. "అందరం నిలబడ్డం. పట్టుకుని గుంజెతందుకు చేతుల ఏం లేకుండె." వాళ్ళ పేర్లు చెప్పాడు, తను ఎరిగినవాళ్ళవి, ఒకరి తర్వాత ఒకరు. ఒకాయన మా ఇంటికి పండక్కి వచ్చేవాడట, నన్ను భుజాన ఎక్కించుకునేవాడట. నాకు గుర్తులేదు. గుర్తుచేసుకోవడానికి ప్రయత్నిస్తూ విన్నాను.

చివర్లో గొంతు సర్దుకుని అడిగాడు. "తాడు ఆరబెట్టినవా?"

"ఇంకా లేదు బాపూ. ఇప్పుడే వచ్చిన."

"తడిది చుట్టి పెడితే లోపల కుళ్ళుతది. ముందు ఆ పని చూడు."

ఫోన్ స్పీకరులో పెట్టి గ్యారేజీలోకి వెళ్ళాను. ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు కట్టాను, మూడు వరసలు వచ్చింది. మంచు కరిగి నేల మీద చుక్కలు పడుతున్నాయి. ఎన్ని గజాలుంటుందని బాపు అడుగుతున్నాడు.